ఎన్నాళ్లమ్మ

మా అమ్మకు ఆ పేరు పెట్టింది ఆసుపత్రిలో టోకెన్లు పిలిచే అటెండరు. మానసిక వైద్య విభాగంలో, నడవా చివరి గదిలో, అమ్మ క్లినికల్ సైకాలజిస్టు. మందులు రాసే డాక్టరుగారిది పక్క గది. ఆయన దగ్గరికి పంపే ముందు మనిషిని కూర్చోబెట్టి, మాట్లాడించి, పరీక్షలు పెట్టి, ఆ బాధ ఏ జబ్బు కిందికి వస్తుందో, అసలు జబ్బు కిందికే రాదో తేల్చడం అమ్మ పని. ఎవరు తలుపు తోసుకుని వచ్చినా ఆమె నోట మొదట వచ్చే మాట ఒకటే. "కూర్చోండి. ఎన్నాళ్ల నుంచి?" పేరు, వయసు, చేసే పని అన్నీ ఆ తర్వాతే. అది వినీ వినీ అటెండరు, "ఎన్నాళ్లమ్మగారు ఇంకా రాలేదు, కూర్చోండి" అని బెంచీల మీదున్న జనానికి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పేరు వార్డులన్నీ తిరిగి, ఆసుపత్రి వంటగదిని దాటి, చివరికి మా ఇంటికీ వచ్చింది. అమ్మకు కోపం రాలేదు. పైగా కాస్త మురిసిపోయింది. అడిగితే ఒప్పుకోదు గానీ నాకు తెలుసు.

అంత పేరున్న మనిషి తన సొంత చెల్లెల్ని కొద్దిలో పోగొట్టుకోబోయింది. నేను చెప్పబోయేది ఆ సంగతే. అమ్మ మీద నాకు ఫిర్యాదులు లేవని కాదు, బోలెడున్నాయి. అయినా చెప్పడం మొదలుపెడితే ఆమెను వెనకేసుకు రాకుండా ఉండలేను.

అమ్మ బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని టెలిఫోన్ డైరెక్టరీ అనుకునేదాన్ని. మనసుకు వచ్చే జబ్బులన్నీ అందులో నంబర్లతో సహా వరసగా ఉంటాయి. ఒక్కో జబ్బుకీ ఏ లక్షణాలు ఉండాలి, ఎంతకాలంగా ఉండాలి, వాటివల్ల తిండీ నిద్రా పనీ ఎంత దెబ్బతిని ఉండాలి, అన్నీ రాసి ఉంటాయి. మనిషి పోయాడని ఏడ్చేవాడికీ, ఏమీ పోకుండానే అంతా పోయినట్టు కూర్చునేవాడికీ తేడా తెలియాలంటే ముందు కాలం అడగాలని, శిక్షణకు వచ్చిన పిల్లలకు అమ్మ నూరిపోసేది. ఒక్కరోజు దిగులుకు జబ్బు పేరు తగిలించినా తప్పే, ఏడాది దిగులుకు తగిలించకపోయినా తప్పే అనేది.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. తర్వాత అక్కడే ఉద్యోగంలో చేరింది. అందరూ జూనియరమ్మ అనేవారు. చేరిన కొత్తలో వార్డులో హడావిడిగా నడుస్తూ, "మూడో బెడ్ స్కిజోఫ్రీనియా, మేడం" అందట. అమ్మ ఉన్నచోటే ఆగిపోయింది.

"మూడో బెడ్‌లో ఉన్నది వడ్రంగి. ఆయనకు స్కిజోఫ్రీనియా ఉంది. మళ్ళీ చెప్పు."

జూనియరమ్మ మళ్ళీ చెప్పింది. వడ్రంగి మంచం మీద నుంచి తల ఊపి, తలుపులు కూడా బాగా చేస్తానని మాట కలిపాడట. ఈ సంగతి ఆ అమ్మాయే నవ్వుతూ నాకు చెప్పింది. అమ్మ తిట్టినవాళ్ళెవరూ అమ్మను వదిలిపెట్టి పోలేదు. అదేం మాయో నాకిప్పటికీ అర్థం కాదు.

పేరు పెట్టడమంటే ముద్ర వేయడం కాదని అమ్మ నమ్మకం. నలుగురిలోకి రాలేక, వంటింటి తలుపు వెనక దాక్కునే ఒకావిడను ఒకసారి తీసుకొచ్చారు. అత్తగారు దాన్ని పొగరు అంది, మొగుడు నటన అన్నాడు. అమ్మ చాలాసేపు మాట్లాడి, ఇది భయానికి సంబంధించిన జబ్బు, దీనికో పేరుంది, వైద్యముంది, మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని చెప్పింది. ఆవిడ భోరుమని ఏడ్చేసింది. పేరు విని భయపడిందేమో అనుకున్నారట ఇంట్లోవాళ్ళు. కాదు, తను పొగరుబోతు కాదని మొదటిసారి ఎవరో చెప్పినందుకు.

ఇక ఇంట్లో మాత్రం ఆ పుస్తకం పేరెత్తకూడదు. దానికీ ఒక గొడవే కారణం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చదివిన చదువు ఇంకా వేడి మీదుండగా, అమ్మ కనబడ్డ ప్రతి చుట్టానికీ ఏదో ఒక జబ్బు అంటగట్టిందట. మా మామయ్యకు గుమ్మం ముందు చెప్పులు జతలు జతలుగా సర్దే అలవాటుంది. అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, అది ఫలానా జబ్బు, వైద్యం చేయించుకోవాలి అని అమ్మ ప్రకటించింది. మామయ్య కంచం ముందు నుంచి లేచిపోయాడు. చాలాకాలం చెల్లెలితో మాట మానేశాడు. చెప్పులు సర్దడం మాత్రం మానలేదు. అప్పుడు అమ్మమ్మ అమ్మను నిలబెట్టి కడిగేసి, ఈ గుమ్మం లోపల నువ్వు నా కూతురివే తప్ప డాక్టరువి కాదని ఒట్టు వేయించుకుంది.

అమ్మ ఒట్టు వేస్తే వేసినట్టే. అప్పటినుంచి చుట్టాల్లో ఎవరు సరదాకి అడిగినా, నిజంగానే అడిగినా ఒకటే జవాబు. "అది జబ్బు కాదు, బుద్ధి." నాన్న వేసిన తాళాన్ని వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూస్తే, బుద్ధి. పరీక్షల ముందు నేను అన్నం ముట్టకపోతే, బుద్ధి. మామయ్య చెప్పులు కూడా అందులోకే వచ్చేశాయి, దాంతో అన్నాచెల్లెళ్ళు మళ్ళీ కలిశారు. నిజానికి మామయ్యది చాదస్తమే గానీ జబ్బు కాదని, అప్పట్లో తాను తొందరపడ్డానని అమ్మ తర్వాత ఒప్పుకుంది. ఆ మాట అన్నప్పుడల్లా అందరం నవ్వేవాళ్ళం. అందరికన్నా గట్టిగా నవ్వేది పిన్ని.

పిన్ని అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. మేం పై అంతస్తులో, పిన్నీ బాబాయీ కింద. బాబాయి దూరాలకు సరుకు తోలే లారీ డ్రైవరు, ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ. వీధివైపు గది పిన్ని కుట్టు దుకాణం. స్కూలు యూనిఫాంలు, చొక్కాలు, గౌన్లు కుట్టేది. కొలతలు తీసేటప్పుడు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, మూతి ఒక పక్కనుంచి మాట్లాడేది. ఒక్క సూదీ జారకుండా ఎదుటివాళ్ళ పరువు తీసేది. లావెక్కి వచ్చినవాళ్ళతో, "టేపు కురచైపోయిందండీ, కొత్తది కొనాలి" అనేది. వాళ్ళు నవ్వేసి మళ్ళీ ఆమెకే గుడ్డ ఇచ్చేవాళ్ళు. అమ్మ పరీక్షలకు వాడే రంగు చెక్కముక్కలకు నీలం సంచీ కుట్టిచ్చింది పిన్నే. పేషెంట్లు లేనప్పుడు నువ్వూ ఆడుకోవచ్చక్కా అని చేతిలో పెట్టింది. పిల్లలు లేని ఆ ఇంట్లో నేనే పిల్లని. నా స్కూలు గౌన్లన్నిటికీ లోపల ఒక దొంగజేబు ఉండేది, అమ్మకు తెలియకుండా చాక్లెట్లు పెట్టుకోవడానికి.

కుట్టుమిషన్ చప్పుడు మా వంటింటి నేల కింద ఎప్పుడూ వినబడుతూనే ఉండేది. అది ఎప్పుడు తగ్గిందో ఎవరం పట్టించుకోలేదు. ముందు పొద్దుటిపూట ఆగింది. తర్వాత మధ్యాహ్నాలు కూడా ఆగి ఆగి వచ్చేది. యూనిఫాంలు చెప్పిన రోజుకు అందడం లేదని పిల్లల తల్లులు తలుపు దగ్గర నిలబడి గొణిగేవారు. పిన్ని ఎదురుచెప్పేది కాదు, రేపు రండి అనేది. కొలతలు తీస్తున్నప్పుడు సూదులు పెదాల మధ్యే ఉండేవి గానీ మాట వచ్చేది కాదు. తెల్లారక ముందే లేచి, లైటు వేయకుండా మిషన్ ముందు స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

తలా ఒక కారణం చెప్పాం. బాబాయి, కళ్ళజోడు మార్చాలన్నాడు. పక్కింటావిడ, వయసన్నది. నాన్న, పని ఎక్కువైందన్నాడు. అమ్మ రోజూ ఆ తలుపు ముందు నుంచే ఆసుపత్రికి వెళ్ళేది, సాయంత్రం ఆ తలుపు ముందు నుంచే మెట్లెక్కేది. "దానికి కాస్త విశ్రాంతి కావాలి" అనేది. ఆసుపత్రిలో అయితే ఆ మాట ఎవరైనా బంధువు అంటే, విశ్రాంతి సంగతి నేను చూస్తాను, ముందు ఏం జరుగుతోందో చెప్పండి అని కసిరి ఉండేది.

ఒకరోజు పిన్ని కుట్టుమిషన్ ఇచ్చేసింది. తన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయికి, ఊరికే. టేపు, కత్తెర, గుండుసూదుల డబ్బా కూడా. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది, వీధంతా పిన్ని మనసును మెచ్చుకుంది. ఆ పూట భోజనాల దగ్గర, పోనీలే, నడుముకు సుఖం అని అమ్మ కూడా అంది. ప్రాణంగా చూసుకునే వస్తువును మనిషి ఉన్నట్టుండి ఎవరికైనా ఇచ్చేసిందంటే, నడవా చివరి గదిలో ఉన్న అమ్మ పెన్ను కింద పెట్టి నిటారుగా కూర్చునేది. ఇంట్లో ఉన్న అమ్మ ఇంకాస్త కూర వడ్డించుకుంది.

ఆ తర్వాత ఒక పొద్దున, అమ్మ ఆసుపత్రికి వెళ్ళిపోయాక, పిన్ని నన్ను పిలిచి తనతో ఒకచోటికి రమ్మంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. మళ్ళీ గుడ్డలు కొనడానికేమో అని నేను సంబరపడ్డాను. బస్సు దిగింది ఆసుపత్రి గేటు ముందు. ఒంట్లో బాగాలేదా పిన్నీ అంటే, తెలుసుకుందామనే అంది. టోకెన్ల కిటికీ దగ్గర లైన్లో నిలబడి, టోకెన్ తీసుకుని, బెంచీ చివర కూర్చుంది. నేను చెయ్యి పట్టుకుని లాగాను. అమ్మ గది అదేగా, తోసుకుని వెళ్ళిపోదాం అన్నాను. అటెండరు కూడా గుర్తుపట్టి, అమ్మగారి చెల్లెలు కదా, లైన్లో ఎందుకు అన్నాడు.

పిన్ని లేవలేదు. "అలా వెళ్తే అక్కకు చెల్లెల్నే అవుతాను. ఇలా వెళ్ళనీ" అంది.

లాగుతున్న చెయ్యి వదిలి నేనూ పక్కన కూర్చున్నాను. మా ముందు ఒక ముసలాయన, నిద్రపోని పిల్లను ఒళ్ళో పెట్టుకున్న ఒక తల్లి, పోలీసు బట్టల్లో ఒకతను ఉన్నారు. అందరూ లోపలికి వెళ్ళొచ్చారు. కిటికీలోంచి ఆసుపత్రి దుప్పట్లు ఆరేసిన తాళ్ళు కనబడుతున్నాయి. పిన్ని వాటినే చూస్తూ, అంచులు సరిగ్గా మడవలేదు అంది. చాలా రోజుల తర్వాత ఆమె ఒక కుట్టు గురించి మాట్లాడటం అదే మొదటిసారి.

అటెండరు టోకెన్ పిలిచాడు. మేం తలుపు తోసుకుని వెళ్ళేసరికి అమ్మ, అంతకుముందు వచ్చి వెళ్ళినతని కాగితం మీద ఏదో రాస్తోంది. తల ఎత్తలేదు.

"కూర్చోండి. ఎన్నాళ్ల నుంచి?"

పిన్ని కూర్చుంది. "ఇక్కడైతే అడుగుతావని వచ్చానక్కా."

అమ్మ తలెత్తింది. చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. నన్నూ పిన్నినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఏమనుకుందో, కుర్చీ లాక్కుని బల్లకు ఇవతలికి, పిన్ని పక్కకి వచ్చి కూర్చుని, చెప్పు అంది.

పిన్ని చెప్పింది, గొంతు పెంచకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు. తెల్లారితే సాయంత్రం ఎప్పుడవుతుందా అనిపిస్తోందట. అన్నం నోట్లో పెట్టుకుంటే గుడ్డ నమిలినట్టుందట. కుట్టిన చొక్కా చేతిలోకి తీసుకుంటే అందులో తప్పులే కనిపించి, తాను ఇన్నేళ్ళూ జనాన్ని మోసం చేసినట్టు అనిపిస్తోందట. మిషన్ ఇచ్చేశాక, ఇక ఇవ్వాల్సింది ఏమీ మిగల్లేదనిపించి, ఆ ఆలోచనకు తనకే భయమేసిందట.

ఇలాంటిచోట తిన్నగా అడగాలని, అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదని, అడగకపోతేనే ప్రమాదమని అమ్మ ఎంతమందికి నేర్పిందో. ఇప్పుడు తనే అడగాల్సి వచ్చింది. పిన్ని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"చచ్చిపోవాలని అనిపించిందా?"

"అనిపించింది. అందుకే ఇవాళ వచ్చాను."

"నాకెందుకు చెప్పలేదే?"

"ఇంట్లో నువ్వెప్పుడూ అనేదానివిగా, అది జబ్బు కాదు, బుద్ధి అని. నాదీ బుద్ధే అనుకున్నాను. పాడు బుద్ధి అనుకున్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే అమ్మకు తట్టుకోవడం తేలికయ్యేది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు, ఆ గదిలో ఏడిచే వంతు తనది కాదని తెలుసు కాబట్టి. చాలాసేపు చెల్లెలి వీపు నిమురుతూ కూర్చుని, తర్వాత ఎదుటి గదిలో ఉన్న జూనియరమ్మను పిలిపించింది.

సొంత మనుషుల్ని తాను చూడకూడదని, ఈ కేసు నువ్వు చూడాలని చెప్పింది. ఇవాళే డాక్టరుగారితో కూడా మాట్లాడాలని, బాబాయి వచ్చేదాకా ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదని చెప్పింది. చెప్పి, నన్ను తీసుకుని తన గదిలోంచి తనే బయటికి వచ్చి, నడవాలో బెంచీ మీద నా పక్కన కూర్చుంది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ బెంచీ మీద కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి. బెంచీకి ఒక కాలు పొట్టి, కదిలితే ఊగుతుంది. "ఇన్నాళ్ళూ జనం దీనిమీద ఎలా కూర్చున్నారే" అంది. అటెండరు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి జూనియరమ్మ తలుపు తెరిచి, పిన్నిని డాక్టరుగారి గదిలో అప్పగించి వచ్చింది. రోగితో మాట్లాడాక ఇంటి మనిషితో మాట్లాడటం అక్కడి పద్ధతి. రోగి చెప్పినదీ, ఇంట్లో చూసినదీ కలిపితేనే పేరు తేలుతుంది. బాబాయి ఎక్కడో రోడ్డు మీదున్నాడు. లోపలికి వెళ్ళాల్సింది అమ్మే. నేనూ వెనకే వెళ్ళాను. అమ్మ కుర్చీలో జూనియరమ్మ కూర్చోవడానికి మొహమాటపడుతుంటే, కూర్చో అని అమ్మ కసిరింది. ఆ అమ్మాయి కాగితం సర్దుకుని, గొంతు సవరించుకుని, అమ్మ నేర్పిన ప్రశ్నే అడిగింది.

"మీ చెల్లెలు ఇలా ఎన్నాళ్ల నుంచి ఉన్నారు, మేడం?"

ఎంతమంది మొగుళ్ళను, తల్లులను, కొడుకులను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, ఒకే ఇంట్లో ఉంటూ గమనించలేదా అని అమ్మ నిలదీసిందో నాకు తెలుసు. మిషన్ చప్పుడు ఎప్పుడు ఆగిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినట్టుంది. నా వైపు చూసింది. నాకూ తెలియదు.

"ఏమో అమ్మా. గమనించలేదు."

జూనియరమ్మ తల వంచుకుంది. ఆ కాగితం మీద చివర ఒక గడి ఉంటుంది, చెప్పిన బంధువు మాట ఎంతవరకు నమ్మొచ్చో రాయడానికి. ఆ అమ్మాయి దాన్ని వదిలేసి కాగితం మడవబోయింది. అమ్మ వేలితో ఆ గడి చూపించింది.

"రాయి. చెప్పింది, అక్క. రోజూ చూసే మనిషే. సమాచారం సరిపోదు."

"మేడం..."

"రాయమ్మా. ఇంకెవరైనా అయితే రాసేదానివిగా."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని రాసింది. అమ్మ అది చదివి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకుంది. ఆ మెప్పు వినేసరికి ఆ అమ్మాయికి ఏడుపు ఇంకా ఎక్కువైంది.

పిన్నికి వచ్చినదాని పేరు కుంగుబాటు, గట్టిదే. డాక్టరుగారు మందులు మొదలుపెట్టారు, కొన్నాళ్ళు వార్డులో ఉంచారు, తర్వాత జూనియరమ్మ దగ్గరికి వారం వారం వెళ్ళింది. పేరు చెప్పినరోజు పిన్ని ఆ అమ్మాయిని మళ్ళీ మళ్ళీ అడిగిందట, దీనికి నిజంగా పేరుందా, పుస్తకంలో ఉందా అని. ఉన్న పేజీ చూపించమంది. చూపిస్తే ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. బాబాయి లారీ పని తగ్గించుకుని, దగ్గర ఊళ్ళకే తిరగడం మొదలుపెట్టాడు. ఇచ్చిన మిషన్ వెనక్కి తీసుకోవడానికి పిన్ని ససేమిరా అంది. మిషన్ పుచ్చుకున్న అమ్మాయే దాన్ని తెచ్చి పిన్ని ముందుగదిలో వేసి, మా ఇంట్లో చోటు లేదు, ఇక్కడే కుట్టుకుంటాను అని అబద్ధం చెప్పింది. అది అబద్ధమని అందరికీ తెలుసు, పిన్నికి కూడా.

ఒకేసారి ఏమీ బాగైపోలేదు. కొన్ని రోజులు మళ్ళీ వెనక్కి జారేది, లేచేది. కానీ ఆ సంవత్సరం నుంచి అమ్మ మెట్లెక్కే పద్ధతి మారింది. ఒట్టు మాటేమైందని మామయ్య ఆటపట్టిస్తే, అమ్మమ్మకు తాను సమాధానం చెప్పుకుంటానంది. బుద్ధి అన్న మాట మాత్రం మళ్ళీ ఆమె నోట ఎవరూ వినలేదు. సాయంత్రం ఆసుపత్రి నుంచి రాగానే కింద తలుపు దగ్గర ఆగుతుంది, సంచీ దించుతుంది, లోపలికి వెళ్ళి చెల్లెలి ఎదురుగా కూర్చుంటుంది. ఇవాళ నిద్ర పట్టిందా, ఏం తిన్నావు, మనసెలా ఉంది అని అడుగుతుంది. పిన్ని ఊఁ అన్నా, ఊరుకున్నా, కాసేపు కూర్చునే పైకి వస్తుంది.

అలా ఎన్నో సాయంత్రాలు గడిచాక, ఒకరోజు నేను మెట్ల మీదుండగా అమ్మ మామూలుగా తలుపు దగ్గర ఆగింది. లోపల మిషన్ ఆడుతోంది. ఎలా ఉంది చెల్లీ అని అమ్మ అడిగీ అడగకముందే, మూతి ఒక పక్కనుంచి, సూదుల మధ్యనుంచి పిన్ని గొంతు వచ్చింది.

"రోజూ ఇదే ప్రశ్నా? పని చేసుకుంటున్నా, కనబడ్డం లేదా? పైకి పో అక్కా, నీ పేషెంట్లను వేపుకు తిను."

అమ్మ సంచీ అక్కడే మర్చిపోయి మెట్లెక్కింది. వంటింట్లోకి వెళ్ళి, కింద మిషన్ చప్పుడు ఆగకుండా వస్తుంటే, నేల వంక చూస్తూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఏమైందని నాన్న కంగారుపడి అడిగాడు.

"తిట్టింది" అంది అమ్మ.